వేలు పెట్టమన్నది ఎవరు?

అరకులోయలో సంత రోజున రెండు రకాల బేరాలు నడుస్తాయి. ఒకటి అందరి కళ్లముందూ జరిగేది. పసుపు, పిప్పళ్లు, రాజ్‌మా, చోళ్లు, వలిసెలు, కొండచీపుర్లు చేతులు మారతాయి. తూకంలో తేడా వస్తే పక్కనున్నవాళ్లు చూస్తారు, నిలదీస్తారు. రెండోది బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే బ్యాంకు మిత్ర బల్ల దగ్గర జరిగేది. ఆధార్ నంబరు చెప్పాలి, బ్యాంకు పేరు చెప్పాలి, అరచేతిలో పట్టే యంత్రం మీద వేలు పెట్టాలి. పిన్ను లేదు, ఓటీపీ లేదు. "పడలేదమ్మా, మళ్లీ పెట్టు" అంటే మళ్లీ పెట్టాలి. మొదటిసారి నిజంగా పడలేదా, లేక పడి డబ్బు వెళ్లిపోయిందా అన్నది తెర చూస్తున్న మనిషికే తెలుస్తుంది. ఆ తెర సాధారణంగా ఖాతాదారు వైపు తిరిగి ఉండదు.

ఈ రెండో బేరంలో కొండ మీది మనిషి కొంటున్నది రక్షణ. ఇంట్లో దాస్తే ఎలుకల పాలో దొంగల పాలో అయ్యే డబ్బుకు బ్యాంకు ఖాతా రక్షణ. చెట్టు మీంచి పడితే ఇంటివాళ్లకు ఆసరాగా ఏడాదికి 20 రూపాయల బీమా రక్షణ. అయితే ప్రతి రక్షణకూ డబ్బుతోపాటు మరొకటి చెల్లించాలి. పేరు, ఊరు, వయసు, ఫోన్ నంబరు, ఆధార్, వేలిముద్ర: తన గురించిన వివరాలన్నీ ఇంకొకరి చేతిలో పెట్టాలి. రక్షణ కొనడమే ఒక ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవడం అవుతుంది. ఈ లెక్కను మనిషి మనసు ఎలా వేస్తుందన్నది ఆర్థికవేత్తలూ మనస్తత్వ శాస్త్రవేత్తలూ యాభై ఏళ్లకు పైగా తవ్వుతున్న విషయం. అందులో ఒక ముఖ్యమైన తవ్వకం తెలుగు నేల మీదే జరిగింది.

2003లో మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతుల కోసం దేశంలోనే మొదటిసారిగా వర్షపాతం ఆధారంగా ఇచ్చే బీమా పెట్టారు. బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ అమ్మింది, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా ఇచ్చింది, ప్రపంచ బ్యాంకు నిపుణులు రూపకల్పనలో సాయపడ్డారు. పంట నష్టం కొలవడానికి ఎవరూ పొలానికి రానక్కర్లేదు. దగ్గరి వర్షమాపక కేంద్రంలో వాన ఒక గీత కంటే తగ్గితే డబ్బు వస్తుంది. దర్యాప్తు ఉండదు, పైరవీ ఉండదు. అనావృష్టితో సతమతమయ్యే పాలమూరులో ఇది వేడివేడిగా అమ్ముడుపోతుందని ఎవరైనా అనుకుంటారు.

అమ్ముడుపోలేదు. ఎందుకో తెలుసుకోవడానికి జేవియర్ జినే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ అనే ఆర్థికవేత్తలు ఇంటింటి వివరాలు సేకరించి 2008లో ఫలితాలు ప్రచురించారు. అందులో ఒక ఫలితం పాఠ్యపుస్తకాన్ని తలకిందులు చేసింది. నష్టమంటే ఎక్కువ భయపడేవాళ్లు బీమా ఎక్కువగా కొనాలని సిద్ధాంతం చెబుతుంది. ఇక్కడ భయస్తులే తక్కువగా కొన్నారు. ముఖ్యంగా బేసిక్స్‌తో ముందు పరిచయం లేని ఇళ్లలో ఇది కొట్టొచ్చినట్టు కనిపించింది. వాళ్లకు వాన ఒక జూదమైతే, ఆ కాగితం ఇంకో జూదం. తెలిసిన జూదాన్ని భరిస్తూ తెలియని జూదాన్ని పక్కన పెట్టారు.

తర్వాత ఇదే బృందం మరికొందరితో కలిసి మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లోనూ గుజరాత్‌లోనూ ప్రయోగాలు చేసింది. బీమా గురించి చెప్పడానికి వచ్చిన కొత్త మనిషిని, ఊరివాళ్లకు తెలిసిన బేసిక్స్ ప్రతినిధి "ఈయన మనవాడే" అని పరిచయం చేసిన చోట కొనుగోళ్లు సుమారు మూడోవంతు పెరిగాయి. బీమా ఎలా పనిచేస్తుందో అదనంగా పాఠం చెప్పిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంకో చిన్న ఏర్పాటు కూడా ఉంది: కొన్ని ఇళ్లకు సమయం కేటాయించినందుకు 25 రూపాయలు, కొన్నింటికి 100 రూపాయలు ఇచ్చారు. ఎవరికెంత అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. 100 అందుకున్న ఇళ్లు రెండు రెట్లకు పైగా ఎక్కువగా బీమా కొన్నాయి. అంటే చేతిలో డబ్బు ఉండటం, చెప్పేవాడు తెలిసినవాడవటం అనే రెండూ జ్ఞానబోధ కంటే బరువైనవని తేలింది. అధికారుల నివేదికల్లో "అవగాహనా లోపం" అనే మాట కనిపించినప్పుడల్లా నాకు ఈ ప్రయోగం గుర్తొస్తుంది.

నగరంలో ల్యాప్‌టాప్‌కి యాంటీవైరస్ కొనే మనిషి ఇంతకంటే తెలివిగా కొంటున్నాడనుకుంటే పొరపాటే. ఏ ప్రోగ్రామ్ ఎన్ని వైరస్‌లను ఆపుతుందో అతనూ పరీక్షించలేడు. ఏడాదిపాటు ఏమీ జరగకపోతే రక్షణ పనిచేసిందనుకోవాలా, అసలు దాడే జరగలేదనుకోవాలా? 1970లో జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని చెప్పింది ఇదే: సరుకు నాణ్యత అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు మంచి సరుకుకు తగిన ధర పలకదు, నాసిరకం బజారును ఆక్రమిస్తుంది. ఆ పరిశోధనకు ఆయనకు 2001లో నోబెల్ వచ్చింది. భద్రత అమ్మే బజారు దాదాపు అంతా ఈ కోవలోదే. అందుకే కొనేవాడు సరుకును వదిలేసి అమ్మే మనిషి ముఖం చూస్తాడు, బ్రాండు పేరు చూస్తాడు, పక్కింటాయన ఏది వాడుతున్నాడో చూస్తాడు. పాలమూరు రైతూ అదే చేశాడు.

ముప్పును అంచనా వేయడంలో మనసుకు సొంత పద్ధతులున్నాయి. మనంతట మనం ఎంచుకున్న ప్రమాదాన్ని, మన మీద ఎవరో రుద్దిన ప్రమాదం కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా సహిస్తామని చౌన్సీ స్టార్ 1969లోనే చెప్పాడు. పాల్ స్లోవిక్ 1987లో దీన్ని విస్తరించాడు: కంటికి కనిపించనిది, కొత్తది, మన అదుపులో లేనిది అసలు కంటే పెద్దగా కనిపిస్తుంది. ఇక హోవర్డ్ కన్‌రూథర్ అమెరికా వరద ప్రాంతాల్లో చూసింది మనకూ అనుభవమే. వరద వచ్చాక బీమా కొంటారు, కొన్నేళ్లు వరద రాకపోతే మానేస్తారు.

జీలుగు చెట్టు ఎక్కి కల్లు తీసే మనిషికి కాలు జారితే ఏమవుతుందో తెలుసు. ఆ ప్రమాదం అతను ఎంచుకున్నది, చిన్నప్పటి నుంచి చూస్తున్నది. ఖాతాలోంచి తెలియకుండా డబ్బు పోవడం అలాంటిది కాదు. చప్పుడు లేదు, దెబ్బ లేదు, ఆనవాలు లేదు. స్లోవిక్ లెక్క ప్రకారం ఇది పెద్ద భయం కావాలి. కానీ ఆ సంగతి తెలిస్తేనే కదా భయం.

20 రూపాయల బీమా సంగతి కాస్త వివరంగా చూడాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2015 మేలో మొదలైంది. అప్పుడు ప్రీమియం 12 రూపాయలు, 2022 జూన్ నుంచి 20. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు ఇస్తారు. ఏటా మే నెలాఖరులో ఖాతా నుంచి దానంతటదే కోసుకుంటారు, ఖాతాలో డబ్బు లేకపోతే రక్షణ తెగిపోతుంది. ఇంత చవకైన బీమా లోకంలో అరుదే. చేరడానికి ఒక సంతకమో వేలిముద్రో చాలు.

క్లెయిము దగ్గరకొచ్చేసరికి కథ మారుతుంది. ప్రమాదమని రుజువు చూపాలి. పోలీసు కాగితాలు, పోస్టుమార్టం నివేదిక కావాలి. పాము కాటు, చెట్టు మీంచి పడటం లాంటి వాటికైతే వెంటనే ఆసుపత్రిలో చూపించిన రికార్డు ఆధారంగా ఉండాలి. రోడ్డు లేని ఊరి నుంచి డోలీ కట్టి మోసుకొచ్చేవాళ్లకు ఆ "వెంటనే" ఎంత దూరమో పాడేరు డివిజన్‌లో పనిచేసే ఏ ఆశా కార్యకర్తనడిగినా చెబుతుంది. దారిలోనే ప్రాణం పోతే డోలీని వెనక్కి తిప్పుతారు. ఊళ్లో అంత్యక్రియలు జరిగిపోతాయి. కాగితం పుట్టదు. పాలమూరు బీమాలో వర్షమాపకం ఒక చోట, పొలం ఒక చోట ఉండటంతో వచ్చే తేడాను ఆర్థికవేత్తలు ప్రాతిపదిక ప్రమాదం అంటారు. కొండల్లో మరణానికీ అలాంటి తేడా ఉంది: చావు ఒక చోట, దాన్ని నమోదు చేసే బల్ల ఇంకో చోట. ఇది తెలిసిన కుటుంబం మరుసటి ఏడు 20 రూపాయలు కట్టకపోతే దాన్ని అజ్ఞానమని నేననను.

వేలిముద్రకు వద్దాం. ఆధునిక కాలంలో దాన్ని ప్రభుత్వ పనికి వాడటం మన దేశంలోనే మొదలైంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి, రోడ్డు పనికి సరుకు సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందం వెనుక అరచేతి ముద్ర వేయించాడు. తర్వాత "ఆ సంతకం నాది కాదు" అనకుండా భయపెట్టడమే ఉద్దేశం. 1877లో హుగ్లీలో పెన్షన్లు తీసుకునేవాళ్ల దగ్గరా, దస్తావేజుల రిజిస్ట్రేషన్ దగ్గరా అదే పద్ధతి పెట్టాడు. చనిపోయినవాళ్ల పేరున ఎవరో పెన్షన్ తీసుకోకుండా ఆపడానికన్నమాట. గమనించాల్సింది ఏమిటంటే, వేలిముద్ర పుట్టుకలోనే అది తీసుకునేవాడికి రక్షణ. వేసేవాడికి కాదు.

గిరిజన ప్రాంతమైన ఏజెన్సీలో ఈ తేడా పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు. షావుకారు కాగితం మీద వేసిన ముద్ర పొలాన్ని ఎలా మింగేసిందో తరాలుగా తెలుసు. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ ప్రాంతాల్లో వడ్డీకీ భూమి బదిలీకీ కట్టడి పెడుతూ చట్టం చేయాల్సి వచ్చింది. 1959లో భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో చేసిన సవరణ వచ్చాయి. కొండల్లో దీన్ని వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు గిరిజనేతరుడిదే. కాగితం ముందు బలహీనుడు ఎవరో గుర్తించి, రుజువు భారాన్ని అవతలి పక్షానికి మార్చిన చట్టం అది. ఈ ఒక్క మెలికను గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు యంత్రం ఏం చేస్తుందో చూద్దాం. వేలి మీద గీతలు తల్లి కడుపులో ఐదో నెలకల్లా దాదాపు ఖాయమైపోతాయి. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ చీలింది అన్న బిందువులను యంత్రం పట్టుకుని, ఆధార్ భాండాగారంలో ఉన్న నమూనాతో పోలుస్తుంది. నూటికి నూరు పాళ్లు సరిపోవడమన్నది ఉండదు. వేలు ఒకసారి పెట్టినట్టు ఇంకోసారి పెట్టలేం. కాబట్టి ఎంత దగ్గరగా ఉంటే సరే అనాలో ఒక గీత గీస్తారు. ఆ గీత జల్లెడ కన్ను లాంటిది. కన్ను పెద్దదైతే వేరే మనిషి జారిపోతాడు, చిన్నదైతే అసలు మనిషే ఆగిపోతాడు. రెండు తప్పులనూ ఒకేసారి తగ్గించాలంటే కన్ను మార్చి లాభం లేదు, ముద్రే స్పష్టంగా ఉండాలి. ఏళ్ల తరబడి గునపం పట్టిన చేతులకూ, కాఫీ పండ్లు కోసి పసుపు ఉడకబెట్టిన చేతులకూ, వయసుతో చర్మం పొడిబారిన ముసలివాళ్లకూ ముద్ర అరిగిపోయి ఉంటుంది. భద్రత బిగించిన కొద్దీ మొదట బయట నిలబడేది వీళ్లే.

మోసగాడి సంగతి వేరు. అతని దగ్గర ఉన్న నకలు ముద్ర అరిగిపోదు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకళ్లు తయారు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసులో దొరికిపోయాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఇంకో మెట్టు ఎక్కింది. అలాంటి ముద్రలతోనే ఆధార్ చెల్లింపుల ద్వారా ఖాతాల నుంచి డబ్బు తీసింది. పొలం అమ్మిన రోజున వేసిన ముద్ర ఎన్నో ఏళ్ల తర్వాత ఖాతాకు తాళం చెవి అయింది. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు. వేలు మార్చుకోలేం.

ముద్రలే కాదు, నంబర్లూ బయటపడ్డాయి. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం సహా ఎవరికైనా కనిపించేలా ఉన్నట్టు బయటికొచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పక్కా ఇంటికి దరఖాస్తు చేసుకున్న మనిషి చేసిన తప్పేమీ లేదు. అతను ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు. ఇల్లు అడిగాడు, అంతే.

దీనికి విరుగుడుగా ఆధార్ సంస్థ తన వంతు పనులు చేసింది. పెట్టింది ప్రాణమున్న వేలా, జిగురు ముద్దా అని తేల్చడానికి 2023 ఫిబ్రవరి నుంచి గీతల బిందువులతోపాటు వేలి బొమ్మనూ పరిశీలిస్తోంది. వేలిముద్రకు తాళం వేసుకునే సౌకర్యం కూడా ఉంది. వాడుకోవాల్సినప్పుడు తెరిచి, తర్వాత మూసేయొచ్చు. మంచి ఏర్పాటే. కానీ తాళం తీయాలంటే ఆధార్‌కు కలిపిన ఫోన్, దానికి సిగ్నల్, ఆ యాప్ నడపగలిగే మనిషి ఉండాలి. ముంచింగిపుట్టు, పెదబయలు మండలాల కొండ ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవాళ్లున్నారు. రేషనుకు వేలు, పెన్షనుకు వేలు, డబ్బుకు వేలు అయినప్పుడు తాళం వేసుకోవడమంటే తనను తానే బయటికి నెట్టుకోవడమే. భద్రతా సలహాలు రాసేవాళ్లు ప్రతి మనిషికీ సొంత ఫోన్, సొంత గది, తీరిక ఉన్నాయనుకుని రాస్తారు.

ఇంటికి ఒక్కటే ఫోన్ ఉంటుంది. అది కొడుకు చేతిలో ఉంటుంది. బ్యాంకు నుంచి వచ్చే సందేశం ఇంగ్లీషులో ఉంటుంది. ఖాతా తల్లిదైతే, ఇంట్లో ఆమె మాట్లాడేది ఆదివాసీ ఒడియానో కువియో అయితే, ఆ సందేశం మూడు చేతులు దాటాక ఆమెకు చేరుతుంది. ఫోన్ పంచుకోవడం మీద నిత్యా శాంబశివన్ బృందం భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మహిళలతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనం నాకు నచ్చింది. గోప్యత పెద్దింటివాళ్ల వ్యవహారం, మాకెందుకు అన్న ఆడవాళ్లే, ఆచరణలో యాప్‌లకు తాళం వేయడం, ఎంచి ఎంచి చెరిపేయడం, ఫోన్ ఇచ్చేముందు కొన్ని దాచేయడం చేస్తున్నారని అందులో తేలింది. గోప్యత అన్న పేరు పెట్టకపోయినా పని మాత్రం జరుగుతూనే ఉంది.

కాబట్టి "పేదవాళ్లకు గోప్యత పట్టదు" అనే మాట నమ్మాల్సింది కాదు. అలెస్సాండ్రో అక్విస్టి బృందం అమెరికాలోని షాపింగ్ మాల్‌లో చేసి 2013లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. కొందరికి ఎవరు ఏం కొన్నారో తెలియని 10 డాలర్ల కార్డు ఇచ్చి, వివరాలు నమోదయ్యే 12 డాలర్ల కార్డుకు మార్చుకుంటారా అని అడిగారు. సగం మందికి పైగా వద్దన్నారు. ఇంకొందరికి ముందే 12 డాలర్లది ఇచ్చి, 2 డాలర్లు వదులుకుని గోప్యత తీసుకుంటారా అని అడిగితే పదిమందిలో ఒక్కరు మాత్రమే సరేనన్నారు. మనుషులు అదే తరహావాళ్లు, కార్డులు అవే. చేతిలో ముందు ఏముందన్నదే తేడా. చేతిలో ఉన్న గోప్యతను వదులుకోవడం కష్టం, లేనిదాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం అంతకంటే కష్టం. ఆధార్ ఖాతాకు కలిసిన రోజునే వేలిముద్రతో డబ్బు తీసే దారి తెరిచి ఉంచితే, దాన్ని మూయమని అడిగేవాళ్లు తక్కువే ఉంటారు. మూసి ఉంచి, కావాలన్నవాళ్లకు తెరిస్తే లెక్క మారేది.

డబ్బు పోయాక పరిస్థితేమిటి? రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు మంచిదే. బ్యాంకు తప్పు గానీ ఖాతాదారు తప్పు గానీ లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు నష్టం లేదు. 4 నుంచి 7 పనిదినాలైతే జీరో బ్యాలెన్స్ తరహా ఖాతాలకు నష్టం 5,000 రూపాయలకు మించదు. ఖాతాదారుదే తప్పని రుజువు చేయాల్సింది కూడా బ్యాంకే. వన్ ఆఫ్ సెవెంటీలో ఉన్న మెలికే ఇక్కడా ఉంది. కానీ సంత వారానికి ఒకసారి వస్తుంది, పూర్తి రక్షణకు గడువు మూడు పనిదినాల్లో ముగుస్తుంది. పాస్‌బుక్ అచ్చు వేయించుకున్న రోజునే సంగతి తెలిసే మనిషికి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమన్న సలహా ఆలస్యంగా చేరుతుంది. పైగా బల్ల దగ్గర "మళ్లీ పెట్టు" అన్నప్పుడు పెట్టింది సొంత వేలే. అది మోసమని నిలబెట్టడానికి రసీదు కావాలి, రసీదు కాగితం ఆ రోజు అయిపోయి ఉంటుంది.

ఆలస్యంగానైనా చూపు యంత్రం నుంచి మనిషి వైపు మళ్లింది. ఆధార్ చెల్లింపుల యంత్రాలు నడిపేవాళ్లను చేర్చుకునే ముందు బ్యాంకులు పూర్తి విచారణ చేయాలని, వరుసగా 3 నెలలు లావాదేవీలు లేని వాళ్లను మళ్లీ పరిశీలించాకే కొనసాగించాలని, వాళ్ల వ్యవహారాలపై నిరంతరం కన్నేయాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశించింది. 2026 జనవరి 1 నుంచి అమలు. పాలమూరులో రైతులు అడిగిన ప్రశ్న, ఈ మనిషి ఎవరు, ఎవరి తరఫున వచ్చాడు అన్నది, ఇప్పుడు బ్యాంకు కూడా అడగాలన్నమాట.

అయితే బ్యాంకు చూసేది కాగితాలు. ఊరు చూసేది వేరు. ఏజెన్సీలో ఊరికి ఆ అధికారం కొంత చట్టంలోనే ఉంది: 1996 నాటి పెసా చట్టం గిరిజనులకు ఇచ్చే వడ్డీ అప్పుల మీద అదుపును గ్రామసభల, పంచాయతీల పరిధిలోకి తెచ్చింది, రాష్ట్రం 2011లో నిబంధనలూ చేసింది. ఆ చట్టం రాసినప్పుడు వేలిముద్ర యంత్రం లేదు కాబట్టి దాని ప్రస్తావన లేదు. మన ఊళ్లో వేలు పెట్టించుకునే మనిషి ఏ బ్యాంకు తరఫున వచ్చాడో పేరు, నంబరు గోడ మీద రాయించాలని, తెర ఖాతాదారు వైపు తిప్పాలని, పడని ముద్రకూ రసీదు ఇవ్వాలని డుంబ్రిగుడలోనో హుకుంపేటలోనో ఒక గ్రామసభ తీర్మానం చేస్తే అడ్డుచెప్పే నిబంధన ఏదీ నాకు కనిపించలేదు. అలాంటి తీర్మానం కాపీ ఒకటి పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి, ఇంకొకటి బ్యాంకు శాఖకు పంపడానికి అయ్యే ఖర్చు ఏడాది బీమా ప్రీమియం కన్నా పెద్ద ఎక్కువేమీ కాదు.